డ్రైవరు సీట్లో గుమ్మడికాయ

పాత ఇనుము కొనేవాడు నెలకోసారి మా పెరటి గోడ మీంచి తొంగి చూస్తాడు. చూసిన ప్రతిసారీ ఒకటే మాట, ఆ గొట్టాలు ఊరికే పడున్నాయి కదమ్మా, ఇచ్చేయరాదా అని. ఊరికే పడి ఉండడమేమిటి, వాటి మీద ఏడాదికి అరడజను బూడిద గుమ్మడికాయలు కాస్తాయి. ఏటా వానలకి ముందు నేనే కూర్చుని రెడ్ ఆక్సైడు పూస్తాను కాబట్టి తుప్పు కూడా లేదు. వాడికి ఇదంతా చెప్పను. చేతిలో చీపురుంటే పైకెత్తుతాను, లేకపోతే మొహం తిప్పుకుంటాను.

చూసేవాళ్ళకి అది పాదు పాకించడానికి వేసిన పందిరి. రెండు కమానులు, వాటికి నాలుగు కాళ్ళు, కమానులని కలుపుతూ అడ్డగొట్టాలు. ఒకప్పుడది మా జీపు మీద ఉండేది, జీపు పోయినా దీన్ని మాత్రం నేను ఇవ్వలేదు. జీపు తిరగబడినా లోపల కూర్చున్నవాళ్ళు నలిగిపోకుండా కాసే చట్రం. ఇప్పటి కుర్రాళ్ళు దాన్ని రోల్ కేజ్ అంటున్నారు. తొంభైలలో మా చోడవరంలో ఆ పేరు ఎవరికీ తెలియదు. మేము పంజరం అనేవాళ్ళం, ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని పంజరం జీపోళ్ళు అనేవారు.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అని పిలిచి, పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు ఉంచేసుకున్నాను. ఆయనకి ఒక పాత మిలిటరీ జీపు ఉండేది. వేలంలో ఎవరో కొంటే, వాళ్ళ దగ్గర ఇంకెవరో కొంటే, వాళ్ళ దగ్గర మా ఆయన కొన్నాడు. తలుపులు లేవు, పైన గుడ్డ టాపు. చీడికాడ దాటి కొండ కిందికి, అక్కడి నుంచి కొండ మీద ఊళ్ళకి వెళ్ళి అనాసకాయలు, పసుపు, చింతపండు దించుకొచ్చేవాడు. ఆ దారిని రోడ్డు అనడం ఒట్టి మర్యాదకి. లారీ ఎక్కదు, ఎడ్లబండి ఎక్కితే సాయంత్రానికి దిగదు. జీపొక్కటే వెళ్ళేది. అందుకని ఆ జీపంటే ఆయనకి ప్రాణం. ఆయనంటే నాకు ప్రాణం. మా ఇద్దరికీ వచ్చిన గొడవల్లో సగం ఇక్కడ పుట్టినవే.

ఒక గురువారం జీపు తిరగబడింది. నాకు శనివారం దాకా తెలియదు. భుజం పట్టేసిందన్నాడు, బస్తా ఎత్తానన్నాడు, నేను వెర్రిదానిలా రెండు పూటలా నూనె కాచి రాశాను. శనివారం పొద్దున్న చీడికాడ వైపు నుంచి వచ్చే ఆకుకూరలమ్మే ఆవిడ గుమ్మంలో గంప దించుతూ, మీ ఆయన దేవుడిచ్చిన మనిషమ్మా, జీపు అన్ని పల్టీలు కొట్టినా తుప్పల్లోంచి లేచి వచ్చేడు అంది. నేను గోంగూర కట్ట గంపలోనే పడేసి పెరట్లోకి వెళ్ళాను. 

జీపు టాపు వెనక్కి తీసి చూశాను. గుడ్డ టాపు కింద ఉండేవి నాలుగు సన్నటి ఊచలు. అవి సీట్ల మీదకి అణిగిపోయి ఉన్నాయి. ఆయన వాటిని అలాగే వదిలి, పైన కొత్త గుడ్డ కప్పేశాడు. స్టీరింగు ముందు మనిషి తల ఉండే చోటుని చేత్తో కొలిచాను. జానెడు లేదు. జీపు బోల్తా పడకముందే ఆయన బయటికి ఎగిరి తుప్పలో పడ్డాడు కాబట్టి బతికాడు. లోపల ఉండిపోయి ఉంటే ఆ జానెడులో ఉండేవాడు. 

మూడు రోజులు మాట్లాడలేదు. మా ఇంట్లో నేను మాట్లాడకపోవడమంటే కరెంటు పోయినట్టే, అందరికీ తెలిసిపోతుంది. నాలుగో రోజు అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"జీపు అమ్మీమని నేననను బావా. అమ్మితే నువ్వు నువ్వులాగ ఉండవు. కాని మళ్ళీ ఆ కొండెక్కాలంటే, అది తిరగబడినా నువ్వు లేచి ఇంటికి రావాల. అలగైతేనే ఎక్కు" అన్నాను.

ఆయన ముద్ద కలుపుతూ, తిరగబడదులే అన్నాడు. తిరగబడిన జీపు పెరట్లో పెట్టుకుని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో నాకు తెలియదు. కంచం ముందు నుంచి లేచి మా నాన్న దగ్గరికి వెళ్ళిపోయాను.

మా నాన్న చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. గానుగ సీజనంతా బాయిలరు మండుతుంది. అన్‌సీజనులో చల్లార్చి, లోపలికి దూరి, పోయిన గొట్టాలు తీసి కొత్తవి వేసి వెల్డింగు చేస్తారు. ఆ తర్వాత టెస్టు. బాయిలరు నిండా నీళ్ళు పట్టి, రోజూ పని చేసేదానికంటే బాగా ఎక్కువ ప్రెషరు ఎక్కిస్తారు. వెల్డింగు ఎవడు చేశాడో వాడు ఆ టెస్టు రోజు తన అతుకు పక్కనే నిలబడాలి. అది ఎవరూ కాగితం మీద రాసిన రూలు కాదు. వాళ్ళలో వాళ్ళకి అది మర్యాద. మా నాన్న ఒక్క ఏడు కూడా తప్పుకోకుండా నిలబడ్డాడు.

ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చాడు. ఏ వస్తువూ టెస్టు కాకుండా మా ఇంట్లో వాడకానికి రాలేదు. నా పెళ్ళికి కొన్న పందిరి మంచం మీద ముందు నలుగురు కళాసీలని కూర్చోబెట్టి ఊగమన్నాడు. మా అబ్బాయికి ఉయ్యాల కట్టినప్పుడు అందులో ఒక పూటంతా బియ్యం బస్తా ఊగింది, బాలింతనైన నేను పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాను. మా అత్త ఇప్పటికీ నవ్వుతుంది ఆ సంగతి చెప్పి.

నేను చెప్పిందంతా నాన్న విన్నాడు. చొక్కా తొడుక్కుని, టేపు జేబులో వేసుకుని మా ఇంటికొచ్చి జీపు కొలిచాడు. నిలువు, అడ్డం, సీటు నుంచి ఎత్తు. మా ఆయన్ని సీట్లో కూర్చోమని, నెత్తి మీద స్కేలు పెట్టి, దాని పైన ఇంకో బెత్తెడు వదిలి సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాడు. మా ఆయన బట్టలు కుట్టించుకునేవాడిలా కదలకుండా కూర్చున్నాడు. మేనమామ అంటే ఆయనకి చిన్నప్పటి నుంచి భయం, అల్లుడయ్యాక అది ఇంకొంచెం పెరిగింది.

గొట్టాల దగ్గర మొదటి పేచీ వచ్చింది. బోరుకి వాడే తెల్ల గొట్టాలు సగం ధరకే కొట్లో దొరుకుతున్నాయి, అవి చాలు కదా అన్నాడు మా ఆయన. నాన్న ఒక ముక్కని రాతి మీద పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. అది చప్పిడిగా అణిగిపోయింది. పైగా దాని మీది జింకు పూతకి వెల్డింగు పెడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదన్నాడు. ఫ్యాక్టరీ తుక్కులో పాత బాయిలరు గొట్టాలున్నాయి కదా అని ఎవరో సలహా ఇచ్చారు. నాన్నకి కోపం వచ్చింది. ఇరవై సీజన్లు మంటలో ఉడికిన గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఎంత అరిగిందో దేవుడికే తెలియాలి, నా మేనల్లుడి నెత్తి మీద అది పెట్టను అన్నాడు. విశాఖపట్నం వెళ్ళి కొత్తవి, అతుకులేని నల్ల గొట్టాలు, దళసరివి చూసి లారీ మీద వేయించుకొచ్చాడు.

గొట్టం వంచడం ఒక విద్య. ఖాళీ గొట్టాన్ని వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది, అక్కడ బలం పోయినట్టే. అందుకని లోపల ఇసుక నింపి, ఎర్రగా కాల్చి వంచాలి. ఆ ఇసుకలో తడి ఉండకూడదు. తడి ఉంటే ఆవిరి పుట్టి, బిగించిన బిరడా తుపాకీ గుండులా ఎగురుతుందట. ఇసుక ఎండబెట్టమని నాన్న ఒక కుర్రాడికి చెప్పబోతుంటే నేను ఆపాను. పేలాలు వేయించడానికి ఇసుక ఎంత కాగాలో నాకు తెలిసినట్టు మీకెవరికీ తెలియదు, నేను చూసుకుంటాను అన్నాను. శారదా నది ఇసుక జల్లించి, బూరెల మూకుడులో పోసి, గరిటెతో తిప్పుతూ మూడు రోజులు వేయించాను. నాలుగు ధాన్యపు గింజలు వేస్తే వెంటనే పేలి పువ్వులవ్వాలి, అదీ నా టెస్టు. నాన్న చూసి తల ఊపాడు. ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి.

కాల్చడానికి అంత పొడుగు కొలిమి మా ఊళ్ళో ఎక్కడిది? మా చిన్నాన్నకి రోలుగుంట రోడ్డులో చెరకు తోట, తోటలో బెల్లం వండే పొయ్యి ఉండేవి. పెనం దించిన తర్వాత, పొయ్యి ఇంకా భగభగమంటుండగా గొట్టాన్ని అందులోకి తోసేవారు. చెరకు పిప్పి ఎగదోస్తూ ఉంటే ఇనుము ముందు నల్లగా, తర్వాత పండిన మిరపకాయ రంగులోకి వచ్చేది. నలుగురు పట్టుకుని, పాతిన తాటి మొద్దు చుట్టూ మెల్లగా వంచేవారు. తాటి మొద్దు కాలి పొగ వచ్చేది. ఆ పొగ, పక్కన ఆరుతున్న బెల్లం వాసన, వేడి ఇనుము వాసన, మూడూ కలిసిన గాలి అది. ఇప్పుడు బెల్లం ఎక్కడ కాగుతున్నా నాకు ఆ మధ్యాహ్నాలే గుర్తొస్తాయి. తొందరపడి నీళ్ళు పొయ్యొద్దు, దానంతటది చల్లారాలి అని నాన్న అరుస్తూ తిరిగేవాడు. అందరికీ వేడి బెల్లం ముద్దలు ఇచ్చేవాళ్ళం, మా ఆయన వంచడం కన్నా తినడం ఎక్కువ చేశాడు.

తర్వాత పది రోజులు మా వాకిలి వెల్డింగు షాపు అయిపోయింది. ఒక గొట్టం చివర ఇంకో గొట్టం ఒంటికి సరిగ్గా కూర్చునేలా చేప నోరులా ఆకురాయితో అరగదీసేవాడు నాన్న. సందు ఉంటే ఒప్పుకునేవాడు కాదు. వోల్టేజి బాగుండేది పొద్దున్న పూటే, కాబట్టి కాఫీ కూడా తాగకుండా అద్దం మొహానికి పెట్టుకుని కూర్చునేవాడు. చివరికి పంజరం జీపులో నిలబడింది. నాలుగు కాళ్ళ కిందా అరచేయంత పలకలు వేసి, జీపు నేలకి చుట్టూ వెల్డింగు చేశాడు. మా ఆయన దానికి నల్ల పెయింటు వేసి, జీపుకి ఆకుపచ్చ వేసి, వెనక్కి వెళ్ళి చూసుకుని, ముందుకొచ్చి చూసుకుని, అచ్చంగా కొత్త పెళ్ళికొడుకైపోయాడు. శుక్రవారం పూజ చేసి కొండెక్కుతానన్నాడు. నన్ను సంతకి పంపి పెద్ద బూడిద గుమ్మడికాయ తెప్పించాడు, దిష్టి తీసి జీపు ముందు కొట్టడానికి.

నాన్న చేతులు తుడుచుకుంటూ, "టెస్టు అవకుండా పూజేటిరా" అన్నాడు.

టెస్టు అంటే ఏమిటని మా ఆయన అడిగాడు. చిన్నాన్న చెరకు నరికేశాక మడి ఖాళీగా ఉంది, గట్టు నడుము ఎత్తు ఉంది, జీపుని గట్టు మీంచి పల్టీ కొట్టించి చూడాలి అన్నాడు నాన్న. మా ఆయన జీపుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నిన్న వేసిన పెయింటు మావయ్యా అన్నాడు. నాన్న పెయింటు వైపు చూడను కూడా లేదు. మా ఆయన నా వైపు తిరిగాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. ఆయన పక్షం వహించాలనే అనిపించింది. ఆ జీపు అందం చూసి పది రోజులుగా ఆయన పడుతున్న మురిపెం నాకు తెలుసు. కాని స్టీరింగు ముందు చేత్తో కొలిచిన ఆ జానెడు నా చెయ్యి మర్చిపోలేదు. నాన్న చెప్పినట్టే చెయ్యాలన్నాను. ఆయన ఆ రోజు అన్నం తినలేదు.

పెట్రోలు తీసేశారు, బ్యాటరీ విప్పేశారు. సీట్లో మనిషి బదులు ఇసుక బస్తా పెడదామన్నాడు నాన్న. ఇసుక బస్తాకి ఏమవుతుంది, అది పగలదు, తలకాయకి ఏమవుతుందో నాకు తెలియాలి అన్నాను. తవుడు బస్తాకి మా ఆయన ఖాకీ చొక్కా తొడిగి, మెడ దగ్గర పంచె కట్టి, దాని మీద ఆ గుమ్మడికాయని తలకాయలా బిగించి కట్టాను. ఎలాగూ జీపు ముందు కొట్టడానికి తెచ్చిందే. కాయని మా ఆయన తల ఎత్తుకి సరిగ్గా వచ్చేలా సర్ది, బస్తాని నడుము దగ్గర తాడుతో సీటుకి కట్టాను. చెరకు నరికేవాళ్ళలో ఎవడో బొగ్గుతో దానికి మీసం కూడా గీశాడు. అందరూ నవ్వారు. నా చొక్కా ఎందుకే అని మా ఆయన గొణిగాడు కాని, మీసం చూసి ఆయనా నవ్వాడు.

వెదురు బొంగులు కింద పెట్టి పదిమంది ఒకేసారి ఎత్తారు. జీపు గట్టు మీద ఒక క్షణం ఒక పక్కకి ఒరిగి ఆగింది. తర్వాత పడింది. చక్రాలు ఆకాశం వైపు తిరిగి, ముందు చక్రం ఒకటి ఊరికే తిరుగుతూ ఉండిపోయింది. తాళ్ళు వేసి మళ్ళీ నిలబెట్టారు. నేను అందరికంటే ముందు పరిగెత్తాను.

గుమ్మడికాయ రెండు చెక్కలై ఉంది. గుజ్జూ గింజలూ ఖాకీ చొక్కా కాలరు మీద, గుండీల మీద. నవ్వులు ఆగిపోయాయి. మా ఆయన నా వెనకే వచ్చి చూశాడు. తన చొక్కాని, దాని మీద ఉన్నదాన్ని చూసి, గట్టు మీద కూర్చుండిపోయాడు. పెయింటు మాట మళ్ళీ ఎత్తలేదు.

నాన్న ప్రతి అతుకునీ వేలితో తడిమాడు. ఒక్కటి విడలేదు. కమాను వంగలేదు. మరి ఏమైందంటే, కాళ్ళ కింద జీపు నేల చిరిగిపోయి, పంజరం పంజరమంతా మోచెయ్యంత కిందికి దిగబడిపోయింది. అంత బలమైన పంజరాన్ని ఆయన పలచటి రేకు మీద నిలబెట్టాడు. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళూ కాంక్రీటు మీద పని చేసిన మనిషి. నేల అంటే ఆయనకి కదలనిది. జీపులో కాళ్ళు పెట్టుకునే చోటు కూడా నేలే అనుకున్నాడు.

"నేలనుకున్నానే. రేకది" అన్నాడు నాతో. చిరిగిన అంచుని తడుముతూ, "నేను పూజ చేయించి పంపీసుంటే ఏటయ్యును" అన్నాడు.

మా నాన్న గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది కాని, నేను ఏడిస్తే ఆయన అక్కడే కూలబడిపోతాడని, కాయ చెక్కలు ఏరి ఆవుకి వెయ్యడానికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి కోసేయడం మొదలుపెట్టాడు. రేకుకి బెజ్జాలు చేసి, నాలుగు కాళ్ళనీ కిందికి దించి, జీపు మొత్తాన్ని మోసే చాసిస్‌కి దళసరి పలకలతో బోల్టులు వేసి బిగించాడు. కమానుల మధ్య ఏటవాలుగా ఇంకో గొట్టం వేశాడు. ఈసారి ఆయనకి ఇంకో సంగతి కూడా తట్టింది. పంజరం ఎంత గట్టిదైనా లోపలి మనిషి వదులుగా ఉంటే తల వెళ్ళి ఆ గొట్టానికే కొట్టుకుంటుంది. విశాఖపట్నంలో తుక్కు కార్ల నుంచి రెండు సీటు బెల్టులు సంపాదించి, ఒకటి డ్రైవరుకి, ఒకటి పక్క సీటుకి, అవి కూడా చాసిస్‌కే తగిలించాడు. దూడలాగ నన్ను కట్టేస్తారేటి అన్నాడు మా ఆయన. నేను ఆ చొక్కా ఇంకా ఉతకలేదని గుర్తు చేశాను. తలకి దగ్గరగా వచ్చే గొట్టాలకి నేను కొబ్బరి పీచు చుట్టి, నా పాత చీరలు చింపి దాని మీద కట్టి, పైన రెక్సిను కుట్టాను. జీపులో నా చీరల రంగులు ఎవరికీ కనిపించవు కాని, ఉన్నాయని ఆయనకి తెలుసు.

రెండో టెస్టుకి నాన్న ఒక ఆలోచన చేశాడు. గుమ్మడికాయ వద్దు, వెల్డింగు చేసింది నేను, నేనే కూర్చుంటాను అన్నాడు. నిలబడడం వేరు, పల్టీ కొట్టడం వేరు, అరవై దాటిన మనిషివి అని చిన్నాన్న మొత్తుకున్నాడు. ఆయన వినకుండా పంచె ఎగ్గట్టి ఎక్కబోయాడు. నేను వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ముందు నాతో పల్టీ కొట్టించండి అన్నాను. నాన్న నా వైపు చూసి, వెనక్కి తగ్గి, గుమ్మడికాయ కోసం చెయ్యి చాపాడు. మొండితనం ఆయన దగ్గర్నుంచే వచ్చింది నాకు, ఆయనకి తెలియనిదేం కాదు.

ఈసారి కొత్త కాయ, అదే చొక్కా, కొత్త బెల్టు. మీసం ఎవరూ గీయలేదు. ఎత్తారు, ఒరిగింది, పడింది. లేపి చూస్తే కాయ మీద బూడిద కొంచెం రాలింది, అంతే. నేను దాన్ని విప్పి ఒళ్ళోకి తీసుకుని చుట్టూ తడిమి చూశాను. ఒక్క పగులు లేదు. ఇప్పుడు జీపు ముందు కొట్టెయ్ అన్నారు అందరూ, దిష్టి పోవాలి కదా. నేను కొట్టనివ్వలేదు. రెండు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించి, ఆ కాయని ఉట్టిలో పెట్టి మా గుమ్మానికి వేలాడదీశాను. బయటికి వెళ్ళేటప్పుడు మా ఆయన తల దానికి తగులుతూ ఉండేది. తగిలిన ప్రతిసారీ నాకు ధైర్యంగా ఉండేది.

అప్పుడే మా ఆయన మొదటి ట్రిప్పుకి మావయ్యని రమ్మన్నాడు. నాన్న రానన్నాడు. కొండ మలుపులు ఆయనకి పడవు, బస్సులో దేవరాపల్లి వెళ్ళినా వాంతులే. పక్క సీటు బెల్టు చాలాకాలం ఎవరూ పెట్టుకోకుండా మడతల్లోనే ఉండిపోయింది.

రెండేళ్ళు జీపు కొండెక్కింది, దిగింది. మూడో ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం నేను నాన్న ఇంట్లో చింతపండు పిక్కలు తీస్తున్నాను. గుమ్మంలో మా ఆయన నిలబడ్డాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి, జుట్టులో అనాస ఆకు ముక్కలు. నన్ను అక్కడ చూసి తడబడి, "నీకే ముందు సెబుదామని ఇంటికెల్లేను. ఇంట్లో నువ్వు నేవు" అన్నాడు.

వానకి కల్వర్టు అంచు కోసుకుపోయి ఉందట. లోడుతో ఉన్న జీపు రెండు పల్టీలు కొట్టి కింద పారే గెడ్డలో పడిందట. బెల్టు విప్పుకుని తనంతట తానే బయటికొచ్చి, లారీ ఎక్కి వచ్చేశాడు. చొక్కా ఎత్తి చూపించాడు. నడుముకి అడ్డంగా బెల్టు వెడల్పున కమిలిన మచ్చ. అది తప్ప ఇంకేమీ లేదు. నేను ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి తీయలేకపోయాను.

నాన్న మంచం మీంచి లేచాడు. ఎలా ఉన్నావని అడగలేదు.

"పాదాలు కదిలేయేట్రా?" అన్నాడు.

పంజరం కాళ్ళ సంగతని మా ఆయనకి అర్థమైంది. "నేదు మావయ్యా. నాలుగూ సూసే వచ్చేను. ఒక్కటీ కదల్నేదు."

నాన్న దగ్గరికొచ్చి రెండు చేతులతో ఆయన తల పట్టుకున్నాడు. నుదురు, కణతలు, వెనక పక్క, చెవుల మీద, మెల్లగా చుట్టూ తడిమాడు. ఆ రోజు చేలో నేను కాయని తడిమినట్టే. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. 

"పక్కన నేను లేను కదరా" అన్నాడు తువ్వాల్లోంచి. "వెల్డింగు నాది. టెస్టు నాడు పక్కన నేను లేను."

జీపుని గెడ్డలోంచి లాగి తెచ్చి బాగుచేయించడానికి నెల పట్టింది. పంజరానికి చెయ్యాల్సిన పని ఏమీ లేదు, పెయింటు తప్ప. మళ్ళీ కొండెక్కే రోజు పొద్దున్న మా ఆయన ఇంజను స్టార్టు చేశాడు. సందు చివర నుంచి నాన్న వస్తున్నాడు. భుజాన తువ్వాలు, కుడి గుప్పిట్లో వాంతులు రాకుండా వాసన చూసుకోవడానికి ఒక నిమ్మకాయ. నేరుగా పక్క సీట్లోకి ఎక్కాడు. మడతపడి ఉన్న బెల్టు తీసి, దుమ్ము దులిపి, నడుముకి పెట్టుకుని, రెండుసార్లు గట్టిగా లాగి చూసుకున్నాడు.

"పోనీరా" అన్నాడు.

ఆ గొట్టాల కింద రెండు తలకాయలు పక్కపక్కనే కదులుతూ చీడికాడ రోడ్డు వైపు తిరిగేదాకా నేను వాకిట్లోనే నిలబడి చూశాను. ఈ ఇద్దరూ నాకు కావలసినవాళ్ళు. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని రోజు వచ్చేదాకా, మా నాన్న ప్రతి ట్రిప్పుకీ ఆ నిమ్మకాయ పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.